పంటిపోటుకు కొలత ఏది?



ఈ టపా సాహిత్యం గురించి కాదు. ఛందస్సో, ప్రబంధమో దొరుకుతుందని వచ్చినవారు మన్నించాలి. అయితే మాటల ముచ్చట పూర్తిగా లేకుండా పోదు. ముప్ఫైయేళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పిన నోరు పళ్ళ గురించి మాట్లాడినా వ్యుత్పత్తులతోనే మొదలుపెడుతుంది.

‘ఎమర్జెన్సీ’ అనే మాటకు మనం ‘అత్యవసరం’ అంటున్నాము. ‘చాలా అవసరమైనది’ అని అర్థం చెప్పుకొంటున్నాము. మన ప్రాచీన వైద్య గ్రంథాలలో దీనికి ‘ఆత్యయికం’ అనే మాట ఉన్నది. అత్యయం అంటే గడచిపోవడం, దాటిపోవడం, నాశం, మరణం. ఆలస్యమైతే అత్యయాన్ని తెచ్చిపెట్టేది ఆత్యయికం. ఈ మాటలో ‘ఎంతో అవసరం’ అన్న భావం లేదు, ‘ఎంతో బాధ’ అన్న భావం అసలే లేదు. ఉన్నదల్లా కాలం. బాధ ఎంత ఉన్నదన్నది కాదు ప్రశ్న, కాలం ఎంత మిగిలి ఉన్నదన్నది ప్రశ్న. నేను ఈ రోజు చెప్పదలచుకొన్నదంతా ఈ ఒక్క తేడా మీదనే నిలబడి ఉన్నది.

మా నెల్లూరు సముద్రతీరంలో, ఆ మాటకు వస్తే మన రాష్ట్రమంతటా, పంటి జబ్బును జనం నొప్పితోనే కొలుస్తారు. నొప్పి భరించలేనంతగా ఉంటే ప్రమాదం, తగ్గితే క్షేమం. ‘ఇప్పుడు రవంత నెమ్మదిగా ఉండాది లెండి’ అన్న మాటతో సగం మంది ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కు మళ్ళుతారు. జ్వరానికీ, కడుపునొప్పికీ లేని ఈ చులకన పంటికే ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. పన్ను పోతే ఇంకొకటి ఉన్నదిలే అన్న ధీమా కావచ్చు. సర్కారుకు కట్టవలసిన పన్ను బకాయి పడితే వడ్డీ పడుతుందని భయపడతాము. నోటిలోని పన్ను కూడా బకాయి మీద వడ్డీ వేస్తుందని మాత్రం అనుకోము.

నిజానికి పంటి బాధను తూచడానికి తెలుగువాడికి ఉన్నన్ని మాటలు తక్కువేమీ కావు. చల్లనినీళ్ళు తాగితే పన్ను ‘జివ్వు’మంటుంది. పులుపు తింటే పళ్ళు ‘పులుస్తాయి’. లోపలినుంచి సూదితో పొడిచినట్లయితే ‘పోటు’. నాడి కొట్టుకొన్నట్లు ఆగి ఆగి వస్తే ‘సలుపు’. దవడంతా లాగుతున్నట్లుంటే ‘పీకు’. చిగురు ఒరుసుకొనిపోతే ‘మంట’. ఇవి పర్యాయపదాలు కావు, వేరువేరు స్థితులు. మా నాయనమ్మ తరం వారికి ఈ తేడాలన్నీ నాలుక చివర ఉండేవి. ఇప్పటి పిల్లలు వైద్యుని ఎదుట కూర్చొని ‘పెయిన్‌గా ఉంది సార్’ అంటున్నారు. ఎట్లాంటి పెయిన్ నాయనా అని అడిగితే ‘బాగా పెయిన్’ అంటున్నారు. ఇంగ్లీషు మీద కోపంతో ఈ మాట అనడం లేదు. ఆ వైద్యునికి కావలసిన సమాచారం ఆ ఒక్క మాటలో లేదు, అంతే.

జివ్వుమని తగిలి, నీళ్ళు మ్రింగిన వెంటనే పోయే బాధ అయితే పంటి పైపొర అరిగిందో, చిన్న గుంట పడిందో అయి ఉంటుంది. వారంలోగానో పదిదినాలలోగానో చూపించుకొంటే చాలు. నీళ్ళు మ్రింగిన తరువాత కూడా నిమిషాల తరబడి నిలిచిపోయే పోటు వేరు. రాత్రి పడుకోగానే హెచ్చి, లేచి కూర్చుంటే కొంచెం తగ్గే సలుపు ఇంకా వేరు. పంటి నడుమ ఉండే మెత్తని కండ, అందులోని నరమూ రక్తనాళాలూ గట్టి గోడల మధ్య బందీలై ఉంటాయి. వ్రేలికి దెబ్బ తగిలితే వ్రేలు వాచి కొంత ఊరట పొందుతుంది. పంటి లోపలి కండకు వాచడానికి చోటు లేదు. అందుకే అంత సలుపు. పడుకొంటే తలకు రక్తం హెచ్చుగా చేరుతుంది కనుక రాత్రిపూట ప్రాణం తీస్తుంది. ఈ దశలో ఒకటి రెండు దినాలలో వైద్యుని చేరుకోవాలి. చేరుకొంటే చాలావరకు పన్ను కూడా దక్కుతుంది.

అసలు మోసం దీని తరువాత ఉన్నది. నాలుగైదు రాత్రులు నిద్ర లేకుండా చేసిన నొప్పి ఒకనాటి ఉదయం మాయమవుతుంది. లవంగనూనె పని చేసిందని ఒకరు, ఉప్పునీళ్ళు పుక్కిలించడం వలననని ఒకరు, మొక్కుకొన్న మొక్కు వలననని ఒకరు సంతోషిస్తారు. జరిగినది ఏమిటంటే, లోపలి నరం చచ్చిపోయింది. ఏడ్చే బిడ్డ ఏడుపు మానితే ఊరుకొన్నదనుకోవచ్చు, స్పృహ తప్పిందనీ అనుకోవచ్చు. చచ్చిన కండను తిని పెరిగిన సూక్ష్మజీవులు వేరు కొసను దాటి దవడ ఎముకలోకి దిగుతాయి. అక్కడ చీము పడుతుంది. అది ఎముకను తొలుచుకొని చిగురు మీద చిన్న పొక్కుగా పగిలితే అదృష్టవంతుడు. చీము కారిపోతుంది కనుక నొప్పి ఉండదు. అట్లాగని జబ్బు పోయినట్లు కాదు, కానీ ఆ రాత్రికి ప్రాణభయం లేదు. చీము బయటికి దారి దొరకక లోపలికి తిరిగితేనే విషయం ఆత్యయికమవుతుంది.

అది ఎటు తిరుగుతుందన్నది ఏ పన్ను అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. క్రింది దవడలో చివరనుండే రెండు మూడు పళ్ళ వేర్లు, అంటే జ్ఞానదంతమూ దాని ప్రక్కదీ, నోటి అడుగును మోసే కండరం అతుకుకొన్న గీతకంటె క్రిందికి దిగి ఉంటాయి. కాబట్టి వాటి చీము నోటిలోకి కాక దవడ క్రిందికి, నాలుక క్రిందికి, గొంతు వైపుకు పోతుంది. ఒక వైపున మొదలై రెండో వైపుకు పాకుతుంది. గడ్డం క్రింద చెక్కలాగా బిగుసుకొంటుంది. నాలుక పైకి లేస్తుంది. ఉమ్మి మ్రింగుడు పడక కారిపోతుంది. నోటిలో వేడి ముద్ద పెట్టుకొని మాట్లాడినట్లు గొంతు మారుతుంది. తరువాత గాలి అందదు. 1836లో జర్మనీ వైద్యుడు విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ దీనిని వర్ణించాడు, ఆయన పేరుతోనే ‘లుడ్విగ్స్ ఆంజైనా’ అంటున్నారు. సూక్ష్మజీవినాశక మందులు రాకముందు ఈ జబ్బు పడినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. నేటికీ చనిపోయేవారు ఉన్నారు. చంపేది చీము కాదు, ఊపిరి ఆడకపోవడం.

ఇది పాశ్చాత్యుడు కొత్తగా కనిపెట్టినది మాత్రం కాదు. సుశ్రుతుడు నిదానస్థానంలో ముఖరోగాలను అరవై ఐదుగా లెక్కించాడు. పెదవులలో 8, చిగుళ్ళలో 15, పళ్ళలో 8, నాలుకలో 5, అంగిటిలో 9, కంఠంలో 17, నోరంతటా వ్యాపించేవి 3. కంఠరోగాలలో ‘గళౌఘం’ అని ఒకటి చెప్పాడు. గొంతులో పెద్ద వాపు, తీవ్రజ్వరం, అన్నమూ నీరూ దిగకపోవడం, ఊపిరి దారి మూసుకొనిపోవడం దాని లక్షణాలు. దానిని అసాధ్యాల పట్టికలో వేశాడు. లుడ్విగ్ చూచినదీ సుశ్రుతుడు చెప్పినదీ ఒకటేనని నేను పందెం కాయను. రెండువేల ఏళ్ళ నాటి మాటను నేటి జబ్బుకు అతికించి, అన్నీ మనకు ముందే తెలుసునని గంతులు వేయడం నాకు నచ్చదు. గమనించవలసినది ఒకటే. అన్నం, నీరు, ఊపిరి అని ఆయన లెక్కించిన మూడు గుర్తులలో నొప్పి లేదు.

2016 మార్చిలో నా పాత విద్యార్థి ఒకడికి ఇది వచ్చింది. పట్టపుపాలెం పిల్లవాడు, అప్పటికి ఇరవై ఆరేళ్ళవాడు, మరబోటు మీద వేటకు పోయేవాడు. చివరి దవడపన్ను నెలరోజులుగా ఉండి ఉండి సలుపుతుండేది. మందులషాపులో నాలుగు మాత్రలు కొనుక్కొని మ్రింగడం, తగ్గగానే మానడం. ఒక గురువారం నాటికి నొప్పి పూర్తిగా పోయింది. దవడ క్రింద నిమ్మకాయంత వాపు మాత్రం మిగిలింది. మరునాడు పన్ను చూపించుకొని రమ్మని అన్న చెబితే వాళ్ళమ్మ అడ్డుపడింది. ఆమె తరువాత నాతో అన్న మాట ఇది: ‘శుక్రవారం పూట పన్ను పీకించుకొనేదానికి పోతారా ఐవోరా? అదీగాక నొప్పే లేదంటా ఉండాడు, వాపుదేముంది, అదే అణగతాదిలే అనుకొన్యాం.’ ఇంకొక కారణం కూడా ఉన్నది, ఆమె చెప్పలేదు కానీ నాకు తెలుసు. ఏప్రిల్ 15 వస్తే వేట నిషేధం. అరవై ఒక్క దినాలు బోటు కదలదు. దానికి ముందు దొరికే ఒక్కొక్క వేటా రెండు నెలల బియ్యం.

శనివారం తెల్లవారుజామున బోటు ఎక్కాడు. ఆ సాయంత్రానికే అన్నం మ్రింగలేకపోయాడు. రాత్రి పడుకొంటే గాలి అందడం లేదని బోటు అంచుకు ఆనుకొని కూర్చొనే ఉన్నాడట. ఆదివారం మధ్యాహ్నానికి నోరు వ్రేలెడు కూడా తెరుచుకోలేదు. తోటివారు మంచివారు. వల ఖర్చు, డీజిలు ఖర్చు నష్టమని తెలిసీ బోటును వెనక్కు త్రిప్పారు. తీరం చేరి, అక్కడినుంచి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నెల్లూరు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. వైద్యులు పంటి జోలికి పోలేదు. ముందు గొంతు క్రింద రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ఊపిరి కోసం. ఆ తరువాత దవడ క్రింద రెండు వైపులా కోసి చీము తీశారు. ఆ తరువాత పన్ను పీకారు. పదకొండు దినాలు ఆసుపత్రిలో ఉన్నాడు. బ్రతికాడు. చొక్కా పై గుండీ పెట్టుకొంటే మచ్చ కనపడదు.

గురువారం నాడు ఆ పన్ను తీసి ఉంటే? ఒక సూది, ఒక గంట, కొద్ది డబ్బు. గోటితో పోయేదానికి గొడ్డలి అన్న సామెత మనది. దానిని చెప్పడానికి మాత్రం మనం వాడుతున్నాము.

ఇక్కడ మందులషాపు గురించి ఒక మాట. వాడిని తిట్టడం సులువు. పల్లెలో రాత్రి ఎనిమిది తరువాత తెరచి ఉండేది అదొక్కటే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో చాలావాటిలో దంతవైద్యుడు ఉండడు. నెల్లూరికి పోతే ఒక దినం కూలి పోతుంది. కాబట్టి మాత్రలు కొనుక్కొనేవాడిని నేను తప్పుపట్టను. అయితే ఆ మాత్ర ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలియాలి. నొప్పి మాత్ర నొప్పిని ఆపుతుంది, జబ్బును కాదు. సూక్ష్మజీవినాశక మాత్ర రక్తం ద్వారా పోయి పనిచేయాలి. చచ్చిన పంటి లోపలికి రక్తమే పోదు. కనుక మూలం అక్కడే ఉంటుంది. రెండు దినాలు వాడి ఆపితే మిగిలిన సూక్ష్మజీవులు ముదురుతాయి. ఆస్పిరిన్ బిళ్ళను పొడిచేసి పంటి ప్రక్కన చిగురు మీద పెట్టుకొనే అలవాటు ఒకటి ఉన్నది. అది చిగురును తెల్లగా కాల్చివేస్తుంది. వాచిన దవడ మీద ఉప్పుమూట కాపడం కూడా మంచిది కాదు. వెచ్చని ఉప్పునీటితో పుక్కిలించడం వరకు ఎవరైనా చేయవచ్చు.

పై పన్ను పీకితే చూపు పోతుందన్న నమ్మకం ఎంత లోతుగా ఉన్నదో మీకూ తెలుసు. చదువుకొన్నవారు, నాతో పనిచేసిన ఉపాధ్యాయులు సైతం కోరపన్ను దగ్గరకు వచ్చేసరికి జంకుతారు. పంటికీ కంటి చూపుకూ నరం ఒకటి కాదు. పన్ను పీకడం వలన చూపు పోదు. అయితే ఈ నమ్మకానికి మూలం ఏమై ఉంటుందా అని నేను చాలాకాలం ఆలోచించాను. పై దవడ ముందు భాగపు పళ్ళలో చీము పడితే బుగ్గ వాచి, కనురెప్ప మూసుకొనిపోతుంది. ఆ ప్రాంతపు రక్తనాళాలకు మెదడు అడుగున ఉన్న రక్తపు మడుగుతో సంబంధం ఉన్నది. చీము ఆ దారి పడితే కన్నే కాదు, మనిషే పోవచ్చు. వెనుకటి రోజులలో అట్లా వాచినవాడికి చివరి గడియలో పన్ను పీకి ఉంటారు; కన్ను పోయి ఉంటుంది; నింద పీకిన చేతి మీద పడి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే. కానీ కన్ను మూసుకొనేంతగా బుగ్గ వాచినవాడిని ‘చూపు పోతుంది, ఆగు’ అని ఆపడం ఎంత తలక్రిందుల తీర్పో దీనినిబట్టి తెలుస్తుంది.

నొప్పి తరువాత మనం కొలతగా తీసుకొనేది చూపులకు ఎట్లా ఉన్నదన్నది. మా జిల్లాకు దీనితో పాత సంబంధం ఉన్నది. నీటిలోని ఫ్లోరైడ్ వలన పళ్ళు, ఎముకలు చెడిపోయే వ్యాధిని 1937లో షార్ట్ మొదలైన వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో గుర్తించి ప్రకటించారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, పొదిలి ప్రాంతాలు అందులోకి పోయాయి. మాకు పడమటన ఉదయగిరి వైపు ఆ నీళ్ళ బాధ నేటికీ తెలిసినదే. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదన్నది మన దేశపు ప్రమాణం. ఆ వైపునుంచి తీరప్రాంతపు బడులకు వచ్చి చదువుకొన్న పిల్లలను నేను చూచాను. నవ్వితే చేయి అడ్డం పెట్టుకొనేవారు. గోధుమరంగు చారలు పడిన ఆ పళ్ళు చూచినవారికి ‘అయ్యో’ అనిపిస్తాయి. పెళ్ళిచూపులు దగ్గరపడితే ఇంటివారు పరుగు పరుగున వైద్యుని దగ్గరకు తీసుకొనిపోతారు. ఆ మచ్చలు నిన్నటివి కావు, చిన్నతనంలో పన్ను ఏర్పడేటప్పుడే పడినవి. వాటిలో ఆత్యయికం ఏమీ లేదు. మార్చవలసినది త్రాగే నీరు. అదే ఇంటిలో, తెల్లగా మెరిసే పళ్ళున్న ఇంకొకరి దవడ క్రింద నొప్పిలేని వాపు ఉంటే ఎవరూ పట్టించుకోరు.

నొప్పి తక్కువగా ఉండి, కాలం మాత్రం నిమిషాలలో కొలవవలసిన సందర్భం ఇంకొకటి ఉన్నది. ఉపాధ్యాయ మిత్రులు దీనిని ప్రత్యేకంగా చదవాలి. కబడ్డీలోనో, గోడ దూకడంలోనో పిల్లవాడి ముందుపన్ను వేరుతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. మన బడులలో జరిగేది ఏమిటి? నోరు కడిగించి, రక్తం ఆగేదాకా గుడ్డ అదిమిపెట్టి, పన్నును పారవేయడం. మా చిన్నతనంలో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్ళం, ఆ అలవాటే కావచ్చు. పాలపన్ను అయితే చింత లేదు, దానిని తిరిగి పెట్టకూడదు కూడా. ఆరేడేళ్ళ తరువాత వచ్చిన శాశ్వత దంతమైతే దానికి తిరిగి బ్రతికే అవకాశం ఉన్నది. తెల్లగా నోటిలో కనపడే భాగాన్నే పట్టుకోవాలి, వేరును ముట్టరాదు. మట్టి అంటి ఉంటే కొద్ది క్షణాలు నీళ్ళతోనో పాలతోనో కడగాలి, గుడ్డతో తుడవరాదు, గోకరాదు. చేతనైతే అప్పుడే ఆ గుంటలో సరిగ్గా నిలిపి, శుభ్రమైన గుడ్డను కొరికిపట్టించి వైద్యుని దగ్గరకు పోవాలి. చేతకాకపోతే ఒక గ్లాసు పాలలో వేసుకొని పోవాలి. బడి ఎదుట టీకొట్టులో పాలు ఎప్పుడూ ఉంటాయి. వేరు మీది కణాలు ఆరిపోతే పన్ను బ్రతకదు. గంట దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. మా తీరంలో కొబ్బరికాయకు కొదవలేదు కదా, కొబ్బరినీళ్ళు పనికిరావా అని ఒక మిత్రుడు అడిగాడు. దాని మీద పరిశోధనలు జరిగినమాట నిజమే. కానీ దానికి ఆమ్లగుణం ఉన్నది, పాలంత నమ్మకం లేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. పన్ను పీకించుకొన్న తరువాత గుడ్డను కదలకుండా అరగంట కొరికిపట్టినా రక్తం ఆగకపోతే తెల్లవారేదాకా చూడరాదు. గుండెజబ్బుకు రక్తం పలుచబడే మందు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. అయితే పన్ను కోసమని ఆ మందును తమంతట తాము ఆపడమూ తప్పే. చక్కెర వ్యాధి ఉన్నవారికి చీము వేగంగా పాకుతుంది, వారికి ‘రెండు దినాలు చూద్దాం’ అన్నది లేదు. గర్భిణులు పంటివైద్యం చేయించుకోరాదన్నది అపోహ; గర్భిణి అని చెప్పి చేయించుకోవాలి. ఇక క్రింది దవడలో, ఎక్కువగా ఎడమవైపు, నడిస్తే హెచ్చి కూర్చుంటే తగ్గే నొప్పి, దానితో చెమటలు, రొమ్ముమీద బరువు ఉంటే అది పన్నే కాకపోవచ్చు. నా వయసువారు దంతవైద్యుని వెతుక్కోకుండా 108కి ఫోను చేయాలి. 2005లో మొదలైనప్పటినుంచి ఆ బండి ఎందరినో కాపాడింది. పంటివాపుతో ఊపిరి అందనివారికి కూడా అదే బండి. పన్ను కోసం 108ని పిలిస్తే నవ్వుతారేమోనన్న బిడియం అక్కరలేదు.

వారంలోగా తేల్చవలసినదీ ఒకటి ఉన్నది. రెండు వారాలు దాటినా మానని పుండు, నోటిలో తెల్లమచ్చ, ఎర్రమచ్చ. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు స్త్రీలలో ఎక్కువ. పిండ్‌బోర్గ్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడూ మన దేశపు వైద్యులూ కలిసి శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మందిని పరీక్షించి, అంగిటిలో ఆ పొగ చేసే చేటును 1971లో ప్రకటించారు. మొదట్లో ఆ మచ్చలకు నొప్పి ఉండదు. మళ్ళీ అదే సంగతి.

మరి ఏ రాత్రి పరుగెత్తాలి? నన్నడిగేవారికి నేను చెప్పేది నోటికి సంబంధించిన నాలుగైదు ప్రశ్నలే. ఉమ్మి మ్రింగగలుగుతున్నాడా? వెల్లకిల పడుకొంటే గాలి అందుతున్నదా? మూడు వ్రేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోవాలి, రెండైనా పడుతున్నాయా? గొంతు మారిందా? వాపు దవడ అంచు దాటి మెడకో, బుగ్గ దాటి కంటికో పోతున్నదా? వీటిలో దేనికి తేడా వచ్చినా శుక్రవారం లేదు, అమావాస్య లేదు, వేట లేదు. చిన్న దవాఖానా కూడా కాదు. ఊపిరి గొట్టం పెట్టగల పెద్ద ఆసుపత్రికే పోవాలి. ఇవేవీ లేకుండా వాపూ జ్వరమూ మాత్రమే ఉంటే ఆ రోజే దంతవైద్యుడు. వాపు లేని సలుపు అయితే రేపో ఎల్లుండో. భరించలేనంత నొప్పిని నేను చులకన చేస్తున్నానని అనుకోకండి. నొప్పిగా ఉన్నవాడు ఎట్లాగూ పోతాడు. పోనివాడి గురించే నా బెంగ.

చివరగా మా తీరం కోసం ఒక ప్రతిపాదన. మైపాడు మొదలు కావలి దిగువన ఉన్న పాలేల దాకా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మగవారందరూ ఇంటిపట్టున ఉంటారు. వలలు బాగుచేసుకొంటారు, బోట్లకు రంగులు వేసుకొంటారు. నెల్లూరులో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది, దంతవైద్య కళాశాల ఉన్నది, అక్కడ చదివే పిల్లలు ఉన్నారు. కంటి శిబిరాలు పెట్టినట్లే ఆ రెండు నెలలలో ఒడ్డునే పళ్ళ శిబిరాలు పెట్టి, దవడ చివరి పళ్ళను ఒక్కసారి చూచి, తీయవలసినవి తీసివేస్తే బోటు మీద అటువంటి రాత్రులు కొన్నైనా తగ్గుతాయి. ఈ మాట ఇద్దరు ముగ్గురు పెద్దలతో అన్నాను. ‘పంటికి శిబిరమా అయ్యవారూ!’ అని నవ్వారు. నా విద్యార్థి నవ్వలేదు. మా పాలెంలో అయితే షామియానా, కుర్చీలు నేను చూసుకొంటాను, మీరు డాక్టర్లను మాట్లాడండి అన్నాడు. ఈ చదివేవారిలో దంతవైద్యులు, ఆ కళాశాలల్లో పనిచేసేవారు ఎవరైనా ఉంటే నాకు వ్రాయండి. వచ్చే వేట నిషేధానికి ఇంకా వ్యవధి ఉన్నది.